కొయ్య జిగ్‌సాలు: కోతను చదువుట యెట్లు?

చేతిరంపముతో కోసిన కొయ్య జిగ్‌సాలను గూర్చి ఆ వేడుకగలవారు వ్రాయు సమీక్షలను నాలుగైదింటిని చదివినచో వానియందలి పద్ధతి తెలిసిపోవును: బొమ్మ యెవరు వేసినది, ముక్కలెన్ని, కూర్చుట కెన్ని సాయంత్రములు పట్టినది, పెట్టె యెంత ముచ్చటగా నున్నది, వెల యెంత యను ప్రశ్నలకు వరుసగా సమాధానములు చెప్పి, తుదిని మెచ్చుకోలుగానో పెదవి విఱుపుగానో ఒక వాక్యమును జేర్చి సమీక్షకుడు కలము క్రింద బెట్టును. ఇవన్నియు తెలిసికొనదగినవే, కాని బొమ్మ చిత్రకారుని సొత్తు, వెల బజారు నిర్ణయించునది, పెట్టె యెవరైనను చేయగలుగునది. జిగ్‌సా చేయువాడు తన బుద్ధితో ఆ వస్తువునకు క్రొత్తగా సమకూర్చునది కోత యొక్కటియే. ఆ కోతను చదువుట యెట్లో, రెండువందల యేబది సంవత్సరములకు పైబడిన కాలమున అది యెట్లు మాఱినదో, నేడు రంపమునకు బదులు లేజరు కిరణము వచ్చిన పిమ్మట అందులో నిలిచినదేమో, జాఱిపోయినదేమో విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ వస్తువు పాఠముగా పుట్టి పిదప వినోదమైనది. 1760 ప్రాంతమున లండను నగరమున జాన్ స్పిల్స్‌బరీ అను దేశపటముల చెక్కడపు పనివాడు, రాజాశ్రయముగల తామస్ జెఫ్రీస్ అను పటకర్త కడ పని నేర్చి బయటికి వచ్చి, అచ్చువేసిన పటములను పలుచని మహాగని పలకలపై నతికించి, రాజ్యముల సరిహద్దుల వెంబడి సన్నరంపముతో కోసి, బాలురకు భూగోళము నేర్పు సాధనములుగా అమ్మసాగెను. 1763 నాటి లండను వృత్తుల పట్టికలో తన్ను కొయ్యపై పటములు ఖండించువానిగా చెప్పికొనెను. ప్రపంచము, నాలుగు మహాఖండములు, ఇంగ్లండు వేల్సులు, స్కాట్లండు, ఐర్లండు ఆతని సరకు. 1769లో చిన్నవయసుననే ఆతడు మరణించెను. ఆతడే మొదటివాడని చిరకాలము చెప్పుకొనిరి. అయితే ఫ్రెంచిదేశమునుండి వచ్చి లండనులో పెద్దింటి బాలికలకు పాఠములు చెప్పుచుండిన మదాం ల ప్రెన్స్ ద బోమోన్ — సుందరి, మృగము కథను లోకము నేడెఱిగిన రూపమున 1756లో ప్రకటించిన రచయిత్రియే — ఆతనికంటె కొంచెము ముందే కొయ్యపటములతో బోధించుచుండెనని తరువాతి పరిశోధకులు చూపినారు. మూడవ జార్జిరాజు బిడ్డల సంరక్షకురాలు లేడీ షార్లెట్ ఫించ్ వాడిన పటముల బీరువా నేటికిని భద్రముగా నున్నది. 1814లో వెలువడిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో, బీదయింటనుండి వచ్చిన ఫానీ ఐరోపా పటమును కూర్చలేకపోయినదని పెద్దమ్మ కూతుళ్లు వింతగా చెప్పుకొందురు. అప్పటికి ఆ కొయ్యముక్కలు కలవారి యిండ్ల చదువునకు గుఱుతైపోయినవన్నమాట.

ఆ పటములయందు కోతగానికి స్వాతంత్ర్యము తక్కువ. సరిహద్దు ఎటు పోయిన రంప మటు పోవలసినదే. అంచుముక్కలు మాత్రము ఒకదానినొకటి పట్టుకొనును, లోపలివి ఊరక ప్రక్కప్రక్కల నానుకొని యుండును. కాని, వానియందు తరువాతి కాలపు చౌక జిగ్‌సాలకు లేని గుణ మొకటి గలదు: కోతకును చిత్రమునకును అర్థసంబంధము కుదిరియుండుట. ముక్క యనగా ఒక దేశము. చేతికి వచ్చినది చెక్క తునక గాదు, ఒక రాజ్యము. ఈ సంబంధము తెగిపోవుటయు, వేఱొక రీతిని మరల ముడివడుటయు జిగ్‌సా చరిత్రలో నాకు ముఖ్యముగా దోచునవి.

పెద్దలు దీనిని చేపట్టినది 1908 ప్రాంతమున, అమెరికాలో. అప్పుడు ఐదువందల ముక్కల కొయ్య జిగ్‌సా వెల ఐదు డాలర్లు. సామాన్య కార్మికుని నెలజీతము ఏబది డాలర్లు. కలవారి వేసవి విడుదులలో దాని కెంత గిరాకి యేర్పడెననగా, పార్కర్ బ్రదర్స్ సంస్థ 1909లో తన తక్కిన యాటల తయారీని నిలిపివేసి, కార్ఖానానంతయు ‘పాస్టైమ్’ అను పేర జిగ్‌సాలకే మరల్చెను. అచట రంపముల ముందు గూర్చున్నవారిలో పెక్కురు స్త్రీలు. ఆ నాటి కోతల స్వభావము తెలియనివారికి అవి క్రూరములుగా దోచును: పెట్టెపై బొమ్మ యుండదు, పేరు చూచి బొమ్మ నూహింప వీలుండదు, ముక్కలు ఒకదానికొకటి తగులుకొనవు గనుక ఒక్క తుమ్ముతో సాయంత్రపు శ్రమ చెదరిపోవును. వీనికంటె గడుసైనది రంగుగీత వెంబడి కోయుట. ఎఱ్ఱని యింటికప్పు నీలాకాశమును దాకుచోట, సగము ఎఱుపు సగము నీలముగానున్న ముక్క యొకటి దొరికినచో కూర్చువానికి అది సాక్షివలె పనికివచ్చును. కోతగాడు సరిగా ఆ గీతపైననే రంపమును నడపి ఆ సాక్షిని లేకుండజేయును. అష్టావధానమున నిషిద్ధాక్షరి నడపు పృచ్ఛకుడు, అవధానికి సహజముగా నోట రాబోవు అక్షరమునే కనిపెట్టి దానినే కూడదనును గదా. రంగుగీత వెంట కోయువాని యెత్తుగడయు అట్టిదే, మనస్సు దేనిపై చేయి వేయబోవునో దానినే ముందుగా తీసివేయుట. ఇట్లు పటముల కాలమునాటి సంబంధము తలక్రిందులై తిరిగివచ్చినది: కోత మరల చిత్రమును చదువుచున్నది, కాని తెలుపుటకు గాక దాచుటకు.

ఆకృతిముక్కలును ఈ కాలమున బాగుగా వ్యాపించినవే. కుక్క, గొడుగు, చెప్పు, అంకె, అక్షరము మున్నగు రూపములలో కోసిన యీ ముక్కలను ఆంగ్లమున విమ్సీలందురు. సమీక్షకులు వీనిని లెక్కించి, ఎన్ని యెక్కువయున్న అంత గొప్పయని వ్రాయుట పరిపాటి. నా మట్టుకు ఈ మర్యాద అంగీకారము గాదు. విలక్షణమైన అంచుగల ముక్కకు చోటు వెదకుట సులభము. అవి మితిమీఱినచో జిగ్‌సా తేలికపడును, కోతగాని బుద్ధికి బదులు ఆతని ముచ్చట్లు మాత్రమే కనబడును. వేటచిత్రమున వేటకుక్క ఆకారపు ముక్క సరిగా పొదలోని చీకటి భాగమున, ఏ కుక్కయు లేనిచోట, ఇమిడియుండుటలో ఒక చమత్కారము గలదు. ఊరక చల్లిన యిరువది పూలలో ఏమున్నది?

ఈ కళ పరాకాష్ఠ నందినది ఆర్థికమాంద్యపు కాలమున ననుట విపరీతముగా నుండును గాని నిజము. 1932లో ఉద్యోగములు లేని ఫ్రాంక్ వేర్, జాన్ హెన్రిక్స్ అను నిరువురు న్యూయార్కులో ‘పార్’ అను పేర జిగ్‌సాలు కోయుట కారంభించిరి. ప్రతి పెట్టెలోను సముద్రపు గుఱ్ఱపు ఆకారపు ముక్క యొకటి యుండును. అది వారి సంతకము. పేళ్లు త్రోవ తప్పించునవి. కూర్చుటకు పట్టవలసిన కాలమును కూడ వారే ముందుగా నిర్ణయించి చెప్పి, కొన్నవాని అభిమానమును రెచ్చగొట్టుదురు. కొన్నవారి పేళ్ల మొదటి యక్షరములను, పుట్టిన తేదులను ముక్కలుగా కోసియిచ్చుటయు గలదు. ఎడ్వర్డురాజు సింహాసనము వదలి విండ్సర్ డ్యూకైన పిమ్మట వీరి కొనుగోలుదారులలో నొకడు. వీరి కల్పనలలో నాకు మిక్కిలి యిష్టమైనది వంకర యంచు. జిగ్‌సా కూర్చు ప్రతివాడును, పిల్లవాడు మొదలు పండితుని వఱకు, సరళమైన యంచుగల ముక్కలను ఏఱి చట్టమును కట్టుకొని లోపలికి నడచును. పార్ కోతగాండ్రు ఆ చట్టమునే తొలగించిరి. చిత్రము యొక్క వెలియంచు ద్వీపపు తీరమువలె మెలికలు తిరిగి యుండును, సరళరేఖ కనబడినచోట అది నడిబొమ్మలోని మోసము కావచ్చును, మూలయని యెంచినది రెండు ముక్కల కలయిక కావచ్చును. అలవాటు ఒక్కటి పనికిరాకుండ బోయినప్పుడు కూర్చువాడు మొదటిసారిగా ముక్కను నిజముగా చూడ నారంభించును. ఈ కళలో ఇంతకు మించిన యూహ నాకు కనబడలేదు.

అదే కాలమున, ఉక్కు అచ్చుతో ఒక్క అదుమునకు అట్టను ముక్కలుచేయు పద్ధతి వ్యాపించి, వారపత్రికవలె వారమున కొకటిగా పాతిక సెంట్లకు అమ్మబడు జిగ్‌సాలు వెలసినవి. 1933 ఆరంభమున అమెరికాలో వారమునకు కోటి జిగ్‌సాల వఱకు అమ్ముడుపోయినవి. మందుల దుకాణములును, పుస్తకములు అద్దె కిచ్చువారును వీనిని గూడ అద్దె కిచ్చిరి. పేదవానికి వేడుక దొరకినందులకు సంతసింపవలసినదే. కాని కోత యొక్క దృష్టితో చూచినచో అచ్చు చిత్రమును చూడదు. ఒకే అచ్చుతో అదిమిన రెండు వేఱు బొమ్మల ముక్కలు ఒకదానిలో నొకటి చక్కగా నిమిడిపోవును. గుఱ్ఱపు మొండెమునకు ఓడ తెఱచాప అతుకును. ఇంగ్లండున చాడ్ వ్యాలీ సంస్థ గ్రేట్ వెస్టరన్ రైల్వే కొఱకును, హేటర్ సంస్థ ‘విక్టరీ’ పేరను ప్లైవుడ్ జిగ్‌సాలను చాలకాలము చేసినవి. అవి పిల్లలకు మంచి సరకు, సమీక్షకు అంతగా పనిపెట్టవు. 1933లో ఆ దేశముననే స్థాపితమైన జిగ్‌సా గ్రంథాలయము నేటికిని కొయ్య జిగ్‌సాలను, బొమ్మ చూపకయే, సభ్యులకు ఎరువిచ్చుచున్నది. రెండవ ఎలిజబెత్ రాణి దాని సభ్యులలో నొకరుగా నుండిరి. యుద్ధానంతరము కూలి పెరిగి కొయ్యపని గిట్టుబాటు గాక, పాస్టైమ్ సయితము 1958లో ముగిసెను.

ఇక పనితనమును గూర్చి కొంత. కాలితో నడపునది గానిండు, కరెంటుతో నడచునది గానిండు, ఈ రంపము ఒక్కచోటనే నిలిచి క్రిందికి మీదికి ఆడుచుండును, త్రిప్పవలసినది పలకను. కోతగాడు రెండుచేతులతో పలకను త్రిప్పుచు, దారమంత సన్నని బ్లేడు ముందు గీతను నడిపించును. గీయుటకు కలమును గాక కాగితమును త్రిప్పవలసినచో దస్తూరి యెట్లుండునో యూహించినవారికి ఆ కష్టము తెలియును. బొమ్మను బంకతో అంగుళములో నాలుగవ వంతు మందముగల ప్లైవుడ్‌పై నతికించుటయే సగము విద్య. బంక సరిగా పట్టనిచో కొంతకాలమునకు బొమ్మ అంచులయందు లేచిపోవును. బ్లేడు మందమైనచో అది తినివేయు కొయ్య యెక్కువై, ముక్కలు ఒకదానిలో నొకటి వదులుగా ఊగులాడును. రంపపు బల్ల బ్లేడునకు నిటారుగా లేనిచో కోత ఏటవాలై, ముక్క పైనుండి దిగునేగాని క్రిందినుండి దూఱదు, లేదా క్రిందినుండి దూఱునే గాని పైనుండి దిగదు. ఇది సమీక్షకుడు ఒక్క నిమిషమున పరీక్షింపదగిన దోషము. అయినను దీనిని పరీక్షించినట్లు చెప్పిన సమీక్ష అరుదు. వెనుకవైపు రంపము లేపిన పేళ్లను గఱుకుకాగితముతో తీసివేయుట ఓపికతో కూడిన పని. ముక్క కొక నిమిషమే యనుకొన్నను ఐదువందల ముక్కలకు ఎనిమిది గంటలకు పైబడును, అదియు చేయి వణకకుండ. చేతికోత వెల యెక్కువయని గొణుగువారు ఈ లెక్క నొకసారి వేసికొనవలెను.

1974లో వెర్మాంటు రాష్ట్రమున నార్విచ్ అను చిన్న యూరిలో స్టీవ్ రిచర్డ్‌సన్, డేవ్ టిబెట్స్ అనువారు తమ పేళ్ల తునకలను అతికి ‘స్టేవ్’ అను పేర కార్ఖానా తెఱచి, పార్ సంప్రదాయమును తిరిగి నిలిపిరి. వీరి పెట్టెలకు వెల వేల డాలర్లలో నుండుట పత్రికలకు ప్రీతిపాత్రమైన వార్త. నాకది ముఖ్యము గాదు. ముఖ్యమైనది వీరి తంత్రపు కోత: ఒక ముక్క పెక్కుచోట్ల సరిగా నిమిడినట్లే కనబడును, మధ్య బొమ్మలో ఖాళీలు విడిచియుండును, కొన్ని ముక్కలు బల్లపై నిలువబడవలసి యుండును, అన్నియు కలిసి కుదురు కూర్పు మాత్రము కోతగాని మనస్సులో నున్నదే. సరిగా కుదిరినదను తృప్తిపైననే అనుమానము కలిగించుట వీరి ప్రజ్ఞ. రిచర్డ్‌సన్ తనకు ప్రధాన పీడకుడను బిరుదమును తానే తగిలించుకొనెను. 1989 ఏప్రిల్ మొదటి తేదికి ఆతడు ఐదే ముక్కల జిగ్‌సా నొకదానిని అమ్మెను. అది యెట్లును కూడదు, కూడుటకు కోయబడలేదు. తలలు పగులగొట్టుకొన్న వారికి సొమ్ము తిరిగి యిచ్చివేసెను. హాస్యము మెచ్చదగినదే గాని, కోతగానికిని కూర్చువానికిని నడుమ నున్న ఒడంబడిక యెంత సున్నితమైనదో ఈ ఉదంతము వలన తేటపడును: ఎంతైన దాచవచ్చును, లేనిదానిని ఉన్నదని చెప్పరాదు.

ఈ ఒడంబడికను సాహిత్యమున పట్టుకొన్నవాడు ఫ్రెంచి నవలాకారుడు జార్జ్ పెరెక్. 1978లో వెలువడిన ఆతని బృహన్నవలలో బార్ట్‌లబూత్ అను ధనికుడు ఇరువదియేండ్లు రేవులవెంట తిరిగి ఐదువందల నీటిరంగు చిత్రములు వేయును. గాస్పార్ వింక్లెర్ అను పనివాడు వానిని కొయ్యపై నతికించి ఒక్కొక్కదానిని ఏడువందల యేబది ముక్కలుగా కోయును. తరువాత ధనికుడు శేషజీవితమున వానిని కూర్చుచు పోవును. ఏకాంతక్రీడ యనుకొన్నది ఏకాంతక్రీడ గాదనియు, కూర్చువాడు వేయు ప్రతి యడుగును కోసినవాడు ముందే నడచిచూచెననియు ఆ కథ పొడుగునను పాఠకునకు తెలియుచుండును. తుదకు బార్ట్‌లబూత్ ఒక ఆకారపు ఖాళీ యెదుట వేఱొక ఆకారపు ముక్కను చేతబట్టుకొనియే ప్రాణము విడుచును. పనివాడు అంతకుమునుపే గతించినను ఆతని కోత ఇంకను పోరాడుచునే యున్నది. జిగ్‌సాలను సమీక్షింపబోవువాడు తయారీదారుల పట్టికల కంటె ముందుగా ఈ నవలను చదువుట లాభము.

ఇప్పుడు లేజరు ప్రశ్న. 1994లో ఇంగ్లండున విల్ట్‌షైర్ ప్రాంతమున వెంట్‌వర్త్ సంస్థయు, 2005లో కొలరాడో రాష్ట్రపు బౌల్డరు నగరమున లిబర్టీ సంస్థయు స్థాపితమై, రంపము చేయు పనిని కిరణముచేత చేయించి, కొయ్య జిగ్‌సాను మధ్యతరగతి యిండ్లకు మరల దింపినవి. కిరణము కొయ్యను కోయదు, కాల్చి ఆవిరిచేయును; అందుచేత ముక్కల యంచులు గోధుమవన్నెకో నలుపునకో తిరిగి, పెట్టె తెఱవగనే కాలిన వాసన కొట్టును. కొందఱికది యిష్టము, నాకు కొన్నాళ్లకు అలవాటైనది. వెంట్‌వర్త్ పలక పలుచన, లిబర్టీది దళసరి. చేతికి నిండుగా తగులుటలో రెండవదే మేలు. లేజరువలన కోతగాని బుద్ధి నశించినదను మాట సత్యము గాదు. లిబర్టీవారి కోతలలో గీతలను గీయునది మనుష్యుడే. ఆతని ఊహ ఒక్కసారి గీయబడి వేలకొలది పెట్టెలలో మరల మరల ముద్రింపబడును, అంతే భేదము. గ్రంథము వ్రాతప్రతినుండి అచ్చునకు వచ్చినప్పుడు కవిత్వము చెడలేదు గదా యని యెవరైన అడిగినచో, సమాధానము చెప్పుట సులభము గాదు.

అయినను ఒకచోట రంపమే పైచేయి యని నేను చెప్పుదును, అది రంగుగీత. చేతితో కోయువాడు చిత్రమును కన్నులార చూచుచు గీతను వెంబడించును; బొమ్మ పలకపై ఒక వెండ్రుకవాసి ప్రక్కకు జరిగి అతికినను ఆతని చేయి సర్దుకొనును. కిరణము గ్రుడ్డిది, దానికి తెలిసినది కొలతలేగాని రంగులు గావు. అతుకు కొంచెము తప్పెనా, ఎఱ్ఱ ముక్క యంచున నీలపు దారమొకటి మిగిలి దాచవలసిన రహస్యమును బయట బెట్టును. చవుక సరకులోనైతే ఒకే కోతను పలుచిత్రములపై వాడుటయు గలదు. అప్పుడది కొయ్యతో చేసిన అట్ట జిగ్‌సాయే, దానికి ఎంత మందమున్నను.

కనుక, క్రొత్తగా కొనదలచినవానికి నేను చెప్పగలిగినవి కొన్ని. ముక్కల సంఖ్యను చూచి మోసపోరాదు. రంగుగీత వెంట కోసిన రెండువందల ముక్కలు, అచ్చుతో అదిమిన వెయ్యి ముక్కల కంటె దీర్ఘకాలము కూర్చుండబెట్టగలవు. మొదటిసారి పెట్టెపై బొమ్మ చూచుట తప్పు గాదు, రెండవసారి చూడకుండుట మేలు. ముక్కను వెనుకకు త్రిప్పి కొయ్య నార ఏ దిక్కున పోవుచున్నదో చూచి, దానినిబట్టి ముక్క నిలువో అడ్డమో తేల్చుట కొందఱి దృష్టిలో దొంగతనము. నాకది పాండిత్యముగానే తోచును, ఏలయనగా కొయ్య ఆ మాటను తానై చెప్పుచున్నది, అట్ట ఎన్నడును చెప్పలేదు. మన సముద్రతీరపు జిల్లాలలో వానకాలపు తేమకు పలక కొంచె ముబ్బి, తగులుకొను ముక్కలు బిగిసిపోవును. అట్టి దినములలో బలవంతముగా నొత్తక, కొన్నాళ్లు మూతపెట్టి తేమ పీల్చు పొట్లముతో ఉంచిన యథాస్థితికి వచ్చును. వేలములో పాత పాస్టైమ్ పెట్టెను కొనువాడు, పెట్టెపై నున్న సంఖ్యను నమ్మక, పూర్తిగా కూర్చి తీసిన ఛాయాచిత్రమును అమ్మువానిని అడుగవలెను. పోయిన ముక్కను గూర్చి కూడ రెండు తరగతులకు భేదము గలదు. లేజరు పెట్టెలో పోయినదానిని కొలతలనుబట్టి మరల కోయవచ్చును, కొయ్యవన్నె మాత్రము కొంచెము వేఱుగా నుండును. చేతికోతకు మూలప్రతి యనునది లేదు. ఖాళీని కాగితముపై దించుకొని, చుట్టునున్న ముక్కల సాయమున, ఆ కోతగాని దస్తూరి తెలిసిన చేయి దానిని తిరిగి కోయవలెను. కాబట్టి ముక్క పోయినదని తెలిసిన వెంటనే, కోసినవాడు ఇంకను పనిలో నుండగనే, ఆతనికి జాబు వ్రాయుట యుక్తము.